రడ్జ్ బండి విప్పి చూసిన నాయుడు

మీ ఫ్రెండ్ దగ్గర ఓ సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోల్ కారు ఉందనుకోండి. పోలో జీటీ టీఎస్‌ఐ లాంటిది. 70 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతోంది, మిస్సింగ్ కొడుతోంది. ఆర్మూర్ రోడ్డెక్కి యాక్సిలరేటర్ తొక్కితే మునుపటి పికప్ లేదు. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. సర్వీస్ సెంటర్‌కు పోతే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి, వాల్వుల మీద కార్బన్ తీయాలి అన్నారు. బిల్లు ఎంతవుతుందో విని మీవాడి ముఖం మాడిపోయింది. మీరిద్దరూ బీటెక్ మెకానికలే. ఐసీ ఇంజిన్స్ పేపర్ మొదటిసారే పాసయ్యారు. కానీ బానెట్ ఎత్తి, ఇదిగో ఇదే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అని వేలు పెట్టి చూపించగలరా?

ఎగతాళికి అడగడం లేదు. మనకు నేర్పిన తీరే అలాంటిది. బొమ్మ గీసి భాగాల పేర్లు రాస్తే మార్కులు పడేవి. వస్తువును ముట్టుకోవాల్సిన పని రాలేదు. అందుకే ఈసారి మీకు ఓ మనిషి గురించి చెబుతాను. ఆయనకు డిగ్రీ లేదు, డిప్లొమా లేదు, పదో తరగతి కూడా లేదు. ఓ మోటార్ సైకిల్ విప్పడంతో మొదలుపెట్టి బస్సుల కంపెనీ నడిపారు, మోటార్లు చేశారు, కారు చేశారు, చివరికి ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపల్ కూడా అయ్యారు.

ఆయన గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటే కోయంబత్తూరులో తెలియనివాళ్లు ఉండరు. అవినాశి రోడ్డు మీద 2025లో తెరిచిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు. తమిళనాడులో ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అని పిలుచుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం ఆయనది. ఆ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు.

మూడో తరగతి, 300 రూపాయలు

వందల ఏళ్ల కింద దక్షిణానికి తరలిపోయిన తెలుగు రైతు కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. అలాంటి ఓ ఇంట్లో, కలంగల్ అనే ఊళ్లో, 1893 మార్చి 23న నాయుడు పుట్టారు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. బడి అస్సలు పడలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో తరగతితో చదువు ఆగింది. ఇక పొలం పనే.

ఈ మాట వినగానే, చదువు మానేసినవాళ్లే గొప్పోళ్లయ్యారనే వాట్సప్ ఫార్వర్డ్ గుర్తొచ్చిందా? దాన్ని పక్కన పెట్టండి. ఆ రోజుల్లో బడి మానేసినవాళ్లు ఊరికి వందమంది. బడి మానడంలో ఏ గొప్పా లేదు. తర్వాత ఆయన ఏం చేశారన్నది చూడాలి.

ఓ బ్రిటిష్ రెవెన్యూ అధికారి 1912 మోడల్ రడ్జ్ మోటార్ సైకిల్ మీద ఆ వైపు వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది. ఆ కుర్రాడి మనసంతా ఆ బండి మీదే. కొనాలి. చేతిలో చిల్లిగవ్వ లేదు. కోయంబత్తూరు వెళ్లి ఓ హోటల్లో సర్వర్‌గా చేరాడు. మూడేళ్లు పనిచేసి 300 రూపాయలు కూడబెట్టాడు. వెళ్లి ఆ అధికారి దగ్గరే బండి కొనుక్కున్నాడు.

మూడేళ్లు కష్టపడి బండి కొన్నవాడు ఏం చేస్తాడు? ఊరంతా తిరిగి చూపించుకుంటాడు. ఈయన దాన్ని ముక్కముక్కగా విప్పాడు. విప్పి, మళ్లీ బిగించాడు. అలా నేర్చుకుని మెకానిక్ అయ్యాడు.

ఆ పని విలువ తెలియాలంటే అప్పటి ఇంజిన్ ఎలా ఉండేదో కాస్త తెలియాలి. ఆ కాలపు రడ్జ్ అంటే ఒకే సిలిండర్, సుమారు 500 సీసీ, వెనక చక్రాన్ని తిప్పడానికి బెల్టు. ఇప్పటి బళ్లలా ఆయిల్ దానంతటదే తిరగదు. నడిపేవాడే మధ్యమధ్యలో చేతి పంపుతో ఇంజిన్‌లోకి ఆయిల్ కొట్టాలి. తక్కువ కొడితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువ కొడితే ఆ ఆయిల్ కాలి పిస్టన్ నెత్తిన, వాల్వుల చుట్టూ, సైలెన్సర్ గొట్టం మొదట్లో నల్లటి పెంకులా గడ్డకడుతుంది. ఆ కార్బన్ పెంకు ఎర్రగా కాగితే, స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, లాగే బలం పోతుంది. అందుకే ప్రతి కొన్ని వేల కిలోమీటర్లకూ సిలిండర్ విప్పి కార్బన్ గీకడం అప్పట్లో బండి ఉన్న ప్రతివాడికీ మామూలు పని. నడపడం వచ్చినవాడికి విప్పడం కూడా రావాల్సిందే.

మీ ఫ్రెండ్ కారుకు వచ్చిన రోగం ఇదే. వందేళ్లలో కార్బన్ పట్టే చోటు మాత్రం మారింది. పాత తరహా పెట్రోల్ కార్లలో ఇంజెక్టర్ ఇన్‌టేక్ వాల్వు వెనక పెట్రోలు చిమ్ముతుంది. ఆ పెట్రోలే వాల్వును రోజూ కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ వచ్చాక పెట్రోలు నేరుగా సిలిండర్లోకి పోతోంది. వాల్వు వీపుకు చుక్క కూడా తగలదు. కానీ క్రాంక్‌కేసులో పుట్టే ఆయిల్ ఆవిరి మాత్రం పీసీవీ గొట్టంలోంచి వచ్చి, లోపలికి పీల్చే గాలితో కలిసి మానిఫోల్డ్ గుండా వెళ్తుంది. వేడి మీదున్న వాల్వుకు అంటుకుని పొరలు పొరలుగా గట్టిపడుతుంది. గాలి దారి ఇరుకవుతుంది. పెట్రోలు ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు ఈ రోగానికి ఎందుకు పనిచేయవో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. ఆ మందు అక్కడిదాకా పోదు. డీజిల్ బళ్లలోనైతే ఈజీఆర్ నుంచి వచ్చే మసి కూడా ఈ ఆయిల్‌తో కలిసి మానిఫోల్డ్ లోపల తారులా పేరుకుంటుంది.

బస్సు టైముకు రావాలంటే

నాయుడు కథ రడ్జ్ నుంచి నేరుగా విజయం వైపు పోలేదు. మధ్యలో పత్తి వ్యాపారంలోకి దిగారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో డబ్బు బాగానే చూశారు. ఆ ఊపులో బొంబాయి వెళ్లి పత్తి బేరాలు చేసి, సంపాదించింది పోగొట్టుకున్నారు. తిరిగొచ్చి రాబర్ట్ స్టేన్స్ అనే బ్రిటిష్ పారిశ్రామికవేత్త దగ్గర పనిలో చేరారు. కోయంబత్తూరులో మిల్లులు, కాఫీ వ్యాపారం పెట్టిన పెద్దమనిషి స్టేన్స్. ఈ కుర్రాడి చేతిలో పనుందని గుర్తించి, బస్సు కొనుక్కోవడానికి సాయం చేశారు. ఇది దాచాల్సిన విషయం కాదు. తనంతట తానే పైకొచ్చాడు అనే కథల్లో అప్పు ఇచ్చినవాళ్ల పేర్లు సాధారణంగా ఎగిరిపోతాయి. నాయుడి కథలో స్టేన్స్ పేరు ఉండాలి.

1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు మొదలైంది. 60 కిలోమీటర్లకు పైగా దారి. ఒకటే బస్సు, డ్రైవర్ నాయుడే. దాని పేరు తర్వాత యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. జనం నోట యూఎంఎస్. కొన్నేళ్లలోనే అది దేశంలో బాగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది.

మన వైపు సంగతి పోల్చి చూడండి. నిజాం ప్రభుత్వం రైల్వే కింద రోడ్డు రవాణా విభాగాన్ని 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలుపెట్టింది. ఇవాళ మీరు బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఎక్కి వస్తున్న ఆర్టీసీ బస్సుకు అదే మూలం. రాజ్యం పూనుకుని చేసిన పని అది. దానికి పన్నెండేళ్ల ముందే అక్కడ మూడో తరగతి మెకానిక్ స్టీరింగ్ పట్టుకున్నాడు.

బస్సు సర్వీసు అంటే బస్సు కొనడం అనుకుంటాం. రోజూ అదే టైముకు అదే బస్సు బయల్దేరాలంటే రాత్రంతా షెడ్డులో పని జరగాలి. రేడియేటర్‌లో నీళ్లు, బ్రేకులు, స్ప్రింగులు, కార్బన్ పట్టిన వాల్వులు... దారిలో ఆగిపోయాక బాగుచేసేవాడు మెకానిక్. ఆగకముందే ఏది ఆగబోతోందో పసిగట్టేవాడి అవసరం షెడ్డుకు ఇంకా ఎక్కువ. ఇప్పుడు దీన్ని ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అని ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారు. డెఫినిషన్ చెప్పేస్తాం. మీలో ఎవరికైనా ఈ లైను మీద ఆసక్తి ఉంటే నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, బాన్సువాడ, కామారెడ్డి డిపోల గ్యారేజీలు మనకు దగ్గరే. ఐటీఐలో మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడులు చేసినవాళ్లను ఆర్టీసీ అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. బీటెక్ చేసి అప్రెంటిస్‌గా ఎలా పోతాం అని ముఖం చిట్లించేవాళ్లకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బిగించేటప్పుడు తెలుస్తుంది

విప్పడం ఎవరికైనా వస్తుంది. చిన్న పిల్లలు కూడా విప్పుతారు. నాయుడి కథలో నాకు నచ్చేది ఆయన రడ్జ్‌ను తిరిగి బిగించడం, అది మళ్లీ నడవడం. మీ ఫ్రెండ్ కారుతో ఇది ఎంత కష్టమో చూద్దాం.

మానిఫోల్డ్ విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో పెట్రోలు లైను నడిచేటప్పుడు వంద బార్ పైచిలుకు ప్రెషర్‌లో ఉంటుంది. ఇంజిన్ ఆపినా ఆ ప్రెషర్ వెంటనే దిగదు. కంపెనీ మాన్యువల్ చెప్పిన పద్ధతిలో అది దించకుండా ఆ పైపు దగ్గరికి పానా తీసుకుపోవద్దు. కంట్లో పడితే కన్ను పోతుంది, వేడి మీద పడితే మంట. ఈ ఒక్క పని అనుభవమున్న మెకానిక్ అన్న పక్కన లేకుండా చేయకండి.

తర్వాత ఫోన్‌తో ఫొటోలు. ఏ కనెక్టర్ ఎక్కడిదో, ఏ వ్యాక్యూమ్ గొట్టం ఎటు పోయిందో. ప్రతి దానికీ టేపు ముక్క అంటించి అంకె రాయండి. బోల్టులు తీసిన వరుసలోనే అట్టముక్కకు గుచ్చిపెట్టండి, ఎందుకంటే పొడవులు వేరువేరుగా ఉంటాయి. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే దారం తెగుతుంది, లేకపోతే అడుగు తగిలి బిగిసినట్టు నటిస్తుంది.

మానిఫోల్డ్ పక్కకు రాగానే మొదట చేయాల్సిన పని రంధ్రాలన్నీ శుభ్రమైన గుడ్డతో మూయడం. ఓ చిన్న వాషర్ లోపల పడితే కథ మారిపోతుంది. ఒక్కో సిలిండర్‌కే గుడ్డ తీసి, ఇంజిన్ చేత్తో తిప్పి ఆ సిలిండర్ ఇన్‌టేక్ వాల్వులు రెండూ మూసుకున్నాయని చూసుకున్నాకే శుభ్రం చేయాలి. వాల్వు తెరిచి ఉంటే మీరు గీకిన కార్బనంతా నేరుగా సిలిండర్లో పడుతుంది. షాపుల్లో వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ప్రెషర్‌తో కొట్టి, పక్కనే వ్యాక్యూమ్‌తో లాగేస్తారు. అక్రోట్ పెంకు కార్బన్ కంటే గట్టిది, వాల్వు లోహం కంటే మెత్తనిది. అందుకే దాన్ని ఎంచుకున్నారు. ఇంట్లో చేసేవాళ్లు క్లీనర్ ద్రవం పోసి నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, మురికి లాగేస్తారు. ఓపిక ఉండాలి. నాలుగు సిలిండర్లకు ఓ పూట సరిపోదు.

ఇప్పుడు మానిఫోల్డ్ సంగతి. ఈ కాలపువి చాలావరకు ప్లాస్టిక్‌వి. గ్యాస్కెట్ వేడికి గట్టిపడి పగులుతుంది. కొన్నింటిలో గాలిని సుడి తిప్పే చిన్న రెక్కలు ఉంటాయి. వాటి ఇరుసులు అరిగి వదులవుతాయి. ఎక్కడ సందు ఏర్పడినా సెన్సర్ లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, ఐడ్లింగ్ ఊగుతుంది. కార్బన్ తీసినా వణుకు పోలేదంటే చాలాసార్లు కారణం ఇదే. పాత గ్యాస్కెట్ మళ్లీ వేయకండి. బోల్టులు ఓ చివర నుంచి ఇంకో చివరికి వరుసగా బిగించకండి. మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి, ఇటొకటి, కొంచెం కొంచెంగా, మాన్యువల్లో ఇచ్చిన అంకె వరకు టార్క్ రెంచితో. చేతి బలం చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. జాలిపడి వదులుగా పెడితే గాలి దూరుతుంది.

అయితే మొదటి ప్రయత్నం నడిచే కారు మీద, అదీ ఫ్రెండ్ కారు మీద చేయొద్దు. స్క్రాప్‌లో దొరికే పాత మారుతి 800 ఇంజిన్ చాలు. మూడే సిలిండర్లు, 796 సీసీ, పైన కార్బురేటర్, పక్కన మానిఫోల్డ్. నలుగురు కలిసి కొనుక్కోండి. రెండుసార్లు విప్పి బిగిస్తే ఐసీ ఇంజిన్స్ టెక్స్ట్‌బుక్ కొత్తగా అర్థమవుతుంది.

1937, అక్కడా ఇక్కడా

బస్సులు నడిపే మనిషి అక్కడితో ఆగలేదు. 1932లో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలై కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు వచ్చింది. బావుల మీద పంపులకు, మిల్లులకు మోటార్లు కావాలి. అన్నీ విదేశాల నుంచి వస్తున్నాయి. డి. బాలసుందరం నాయుడితో కలిసి 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్నే చెబుతారు. పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అలా పుట్టింది. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ సంస్థ పెట్టారు. ఇవాళ మోటార్లు, పంపులు అంటే దేశంలో ముందు గుర్తొచ్చే ఊరు కోయంబత్తూరే. మీ పొలంలో బోరు మోటారు ఉంటే దాని మీద స్టిక్కర్ చూడండి, ఏ ఊరని ఉందో.

అదే 1937లో మన బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువల కింద చెరకు పండింది. శక్కర్‌నగర్‌లో లేచిన ఫ్యాక్టరీకి ఆసియాలోనే పెద్దదన్న పేరు ఉండేది. మీ తాతలో, నాన్నో అందులో పనిచేసి ఉంటే నేను చెప్పబోయేది మీకు నాకంటే బాగా తెలుసు.

చెరకు క్రషింగ్ ఏడాది పొడుగునా ఉండదు. చలికాలం నుంచి ఎండాకాలం మొదటి దాకా. మిగతా నెలలు ఆఫ్ సీజన్. బయటివాళ్లకు అది ఖాళీ కాలం. లోపల మాత్రం మిల్లు రోలర్లు, బేరింగులు, పంపులు, వాల్వులు అన్నీ విప్పి, చూసి, అరిగినవి మార్చి తిరిగి బిగించే కాలం. రసం కాచే ఎవాపరేటర్ గొట్టాల లోపల గచ్చులా పొర కడుతుంది. దాన్ని కాస్టిక్ సోడాతో ఉడికించి, బ్రష్‌లు దూర్చి తీస్తారు. పొర కడితే వేడి సాగదు, ఆవిరి ఎక్కువ ఖర్చవుతుంది. కారు వాల్వు మీద కార్బన్, చక్కెర గొట్టంలో పొర ఒకే జాతి. ఆఫ్ సీజన్‌లో ప్రతి చక్కెర ఫ్యాక్టరీ ఓ పెద్ద ఐటీఐ. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. ఫిట్టర్ పక్కన హెల్పర్‌గా నాలుగు ఆఫ్ సీజన్లు నిలబడితే ఫిట్టర్ అయ్యేవాళ్లు.

2015 డిసెంబర్ 23న బోధన్‌లో లేఆఫ్ ప్రకటించారు. ఎందుకు, ఎవరి వల్ల అన్నది రాజకీయం, ఆ గొడవ ఈ పేజీలో వద్దు. తెరుస్తామనే మాట ప్రతి ఎన్నికకూ వింటూనే ఉన్నాం. ఉద్యోగాలు పోయాయని అందరూ రాశారు. ఆ ఆఫ్ సీజన్ బడి కూడా అదే రోజు మూతపడింది. దాని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. కోయంబత్తూరులో ఒక షెడ్డు మూస్తే అందులో నేర్చుకున్నవాడు వెళ్లి ఇంకో రెండు షెడ్లు తెరుస్తాడు. మన దగ్గర ఒకటే ఫ్యాక్టరీ ఉండేది, పని నేర్చినవాళ్లంతా దాని గేటు లోపలే ఉండిపోయారు. రెండు ఊళ్ల మధ్య నాకు కనిపించే తేడా ఇది. మన తప్పు ఉందని అనడం లేదు. చెరకు సర్కారుది, ఫ్యాక్టరీ సర్కారుది, కొలువు కూడా సర్కారుదే అనుకున్న కాలం అది.

కుదురు లేని చెయ్యి

నాయుడు చేసిన వస్తువుల జాబితా చదివితే ఇన్ని ఎలా అనిపిస్తుంది. డ్రై సెల్స్‌తో నడిచే చిన్న మోటారు పెట్టిన రసాంత్ రేజర్, పల్చటి షేవింగ్ బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, మోసానికి వీల్లేని ఓటు యంత్రం. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనన్నారు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద పొలంలో ప్రయోగాలు చేశారు. సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య ఆ పొలం చూడ్డానికి వచ్చారు. కెమెరా పిచ్చి వేరే. 1936లో లండన్‌లో ఐదో జార్జ్ అంత్యక్రియలను సొంతంగా ఫిల్ము తీశారు. ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా. ఇందులో కొన్ని నిలిచాయి, చాలావరకు నిలవలేదు. ఒకే వస్తువు మీద కూర్చుని ఉంటే ఇంకా పెద్ద కంపెనీ అయ్యేదేమో అని నాకు అనిపిస్తుంది. కానీ అలా కూర్చునేవాడైతే ఆ రడ్జ్‌ను విప్పేవాడే కాదు.

మీకు నేరుగా తగిలే ఘట్టం కాలేజీది. ఆయన కృషితో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దాని వెంటే ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నర్. 1945లో ఆ కాలేజీకి ప్రిన్సిపల్ ఎవరనుకున్నారు? మూడో తరగతి నాయుడే. కుర్చీలో కూర్చోగానే ఆయనకు నచ్చనిది సిలబస్. నాలుగేళ్ల కోర్సు కాలం వృథా, రెండేళ్లు చాలు అని ప్రతిపాదించారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేశారు. ఆ కాలేజీ తర్వాత వేరే చోటికి మారి, ఇవాళ గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది.

నాలుగేళ్లు చదివినవాడిగా నాకు ఆయన మాట సగమే నచ్చుతుంది. వాల్వు దగ్గర గాలి ఎందుకు సుడి తిరుగుతుందో, కార్బన్ పొర వేడిని ఎందుకు ఆపుతుందో తెలియాలంటే ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ కావాలి. అవి రెండు నెలల్లో ఎక్కవు. మెకానిక్‌గా నాయుడికి వాటి అవసరం రాలేదేమో గానీ, ఇప్పటి ఇంజిన్ కంట్రోల్ యూనిట్ డేటా చదవాలంటే మీకు వస్తుంది. ఇంకో సగం మాత్రం కాదనలేను. నేను చదివిన కాలేజీలో ఓ నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌ను నిలువునా కోసి, రంగులేసి, అద్దాల బీరువాలో పెట్టారు. నాలుగేళ్లలో ఆ బీరువా తాళం తీయలేదు. నాలుగేళ్లూ అలాగే గడిచేటట్టయితే రెండేళ్లు కూడా ఎక్కువే.

ఇక కారు. 1952లో నాయుడు ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారుచేశారు. ధర 2,000 రూపాయలు. కొత్త ప్రభుత్వం, కొత్త చట్టం. ఏ పరిశ్రమ పెట్టాలన్నా లైసెన్సు ఉండాలన్న పరిశ్రమల చట్టం 1951లో వచ్చింది. కారు తయారీకి లైసెన్సు రాలేదు. ఉత్పత్తి ఆగిపోయింది. ఆ బండి రోడ్డెక్కి ఉంటే నిలిచేదా, విడిభాగాలు దొరికేవా, మన ఎర్రమట్టి రోడ్లకు ఆగేదా? అవి పరీక్షకు రానేలేదు. ఇంజిన్ పాడైతే నాయుడు విప్పి బాగుచేయగలరు. ఫైలు ఆగితే విప్పడానికి బోల్టు ఎక్కడుంటుంది?

ఈవీలు వస్తున్నాయి కదా, ఇప్పుడు మానిఫోల్డ్ పని నేర్చుకుని ఏం లాభం అని మీలో కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. ఈవీలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఉండదు, కార్బనూ ఉండదు. అయినా జిల్లాలో ఇవాళ తిరుగుతున్న ట్రాక్టర్లు, లారీలు, బస్సులు, కార్లు రేపే తుక్కులోకి పోవు. వాటికి చేయి తిరిగినవాళ్లు తగ్గుతున్నారు. ఇక ఈవీ మోటారులో అరిగే బేరింగ్, లీకయ్యే కూలెంట్, వదులైన కనెక్టర్ విప్పి చూసినవాడికే దొరుకుతాయి. నాయుడు కూడా పెట్రోలు ఇంజిన్ నుంచి కరెంటు మోటారుకే వెళ్లారు, 1937లో.

ఆయన 1974 జనవరి 4న చనిపోయారు. 80 ఏళ్లు. అవినాశి రోడ్డులో ఆయన పేరుతో పారిశ్రామిక ఎగ్జిబిషన్ ఉంది, పాత కార్ల మ్యూజియం కూడా ఉంది. సికింద్రాబాద్‌లో ఎక్కితే శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగానే పోతుంది. సెలవుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి రావచ్చు. పీలమేడు వైపు సిటీ బస్సు ఎక్కితే కండక్టర్ హోప్ కాలేజ్ అని అరుస్తాడు. కాలేజీ అక్కడి నుంచి పోయి ఎన్నో ఏళ్లయింది. స్టాపుకు మాత్రం ఇంకా ఆ పేరే.